కోడి మేతలో కొసరు

కూరగాయల బజారులో తూకం అయిపోయాక అమ్మ చేయి చాచి మరో నాలుగు పచ్చిమిరపకాయలు, రెండు రెబ్బల కరివేపాకు వేయించుకోవడం మీరు చూసే ఉంటారు. దాన్ని కొసరు అంటాం. బేరమంతా అసలు కోసమే జరిగినా, కూరకు రుచి తెచ్చేది చాలాసార్లు ఆ కొసరే. కోళ్ళ మేతలోనూ ఇలాంటి కొసరు ఉంది. నూరు కిలోల దాణాలో ఒకటి పది గ్రాములు, మరొకటి నూరు గ్రాములు, ఇంకొకటి పావుకిలో. శాస్త్ర గ్రంథాలు వీటిని మేత సంకలితాలంటాయి. విటమిన్లు, ఖనిజాల వంటివాటిని ముందే కలిపి ఉంచిన పొడిని దాణా మిల్లుల్లో ప్రీమిక్స్ అంటారు. ఈ చిటికెడు పొడులే లేకపోతే మీ పళ్ళెంలోకి వచ్చే గుడ్డు ఇప్పుడున్న ధరకు రాదు. అయితే వీటిలో ఒక పొడి మాత్రం కోళ్ళ ఫారంలో మొదలై మనుషుల ఆసుపత్రుల దాకా నడిచి వచ్చింది. ఆ కథ అర్థం కావాలంటే ముందు కోడి ఏం తింటుందో చూడాలి.

రోజుకు 110 గ్రాములు

గుడ్లు పెట్టే లేయర్ కోడి బరువు సుమారు కిలోన్నర. అది రోజుకు ఇంచుమించు 110 గ్రాముల మేత తిని 55 గ్రాముల గుడ్డు పెడుతుంది. నెల తిరిగేసరికి తన శరీరమంత బరువు గుడ్లను బయటికి పంపుతుందన్నమాట! ఒక్క పెంకు కోసమే రోజుకు రెండు గ్రాములకు పైగా కాల్షియం కావాలి. అరవై కిలోల మనిషికి రోజంతటికీ ఒక గ్రాము చాలునని గుర్తుంచుకుంటే, ఈ చిన్న పక్షి ఎంత పెద్ద కర్మాగారమో తెలుస్తుంది.

ఇప్పుడు చిన్న లెక్క వేయండి. పదివేల కోళ్ళున్న ఫారంలో రోజుకు 1,100 కిలోల దాణా ఖర్చవుతుంది. కిలోకు ఒక్క రూపాయి ఆదా చేయగలిగితే రోజుకు 1,100 రూపాయలు, ఏడాదికి నాలుగు లక్షలు మిగులుతాయి. గుడ్డు మీద పెట్టే ప్రతి నూరు రూపాయల్లో అరవై అయిదు, డెబ్బై రూపాయలు మేతకే పోతాయి కాబట్టి లాభమైనా, నష్టమైనా ముందు దాణా గోదాములోనే తేలిపోతుంది.

మరి చవకగా దొరికేవి ఏమిటి? మనం వాడుకోగా మిగిలినవి. దాణాలో సగానికి పైగా మొక్కజొన్న ఉంటుంది. మిగతా వాటి పట్టిక చూడండి: బియ్యం మరపట్టగా వచ్చిన తవుడు, నూకలు, నూనె తీయగా మిగిలిన సోయా చెక్క, వేరుశనగ చెక్క, పొద్దుతిరుగుడు చెక్క, పత్తిగింజల చెక్క, మనుషులు తినని చిన్న చేపల ఎండుపొడి, పెంకు కోసం సున్నపురాయి ముక్కలు, నత్తగుల్లల పొడి. మన గింజలో మంచిదంతా మనం తీసుకుని పొట్టూ పిప్పీ కోడికి వేస్తే, అది మళ్ళీ మనకు మాంసకృత్తులు కట్టి ఇస్తోంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు కోడిగుడ్ల ఉత్పత్తిలో దేశంలోనే ముందు వరసలో ఉండడానికి చుట్టూ ఉన్న బియ్యం మిల్లులు, నూనె మిల్లులు కూడా ఒక కారణమే.

కానీ మిగులు మిగులే. ప్రతి ఉప ఉత్పత్తికీ ఏదో ఒక లోపం ఉంటుంది. ఆ లోపాన్ని పూడ్చడమే కొసరు పని. ఏ చిటికె ఏ లోపానికి అన్నది తెలిసి వేస్తే అది శాస్త్రం. తెలియకుండా, ఎదుగుతున్నాయి కదా అని వేస్తే ఏమవుతుందో తరువాత చూద్దాం.

తవుడు చెప్పిన పాఠం

ఉప ఉత్పత్తుల్లో తవుడుకు పెద్దపీట వేయాలి. పోషకాహార శాస్త్రం పుట్టిందే ఒక రకంగా కోళ్ళ తవుడులోంచి. 1890లలో జావా ద్వీపంలోని బటావియాలో (నేటి జకార్తా) క్రిస్టియాన్ ఐక్మన్ అనే డచ్చి వైద్యుడు బెరిబెరి రోగానికి కారణమైన సూక్ష్మజీవిని వెతుకుతున్నాడు. ప్రయోగశాలలోని కోళ్ళు ఉన్నట్టుండి కాళ్ళు పడిపోయి, మెడలు వాలిపోయి కూలబడసాగాయి. కొన్ని నెలల తరువాత, ఆయన ఏమీ చేయకుండానే, కోలుకున్నాయి. ఆరా తీస్తే తేలింది ఇది: ఆ నెలల్లో కోళ్ళకు సైనిక ఆసుపత్రి వంటింట్లో మిగిలిన తెల్లన్నం వేశారు. తరువాత వచ్చిన కొత్త వంటవాడు, సైనికుల అన్నం సైనికులు కాని కోళ్ళకు పెట్టనని మొండికేశాడు. దాంతో కోళ్ళకు మళ్ళీ దంపుడు బియ్యం దొరికింది! తెల్లబియ్యంలో లేనిదీ, తవుడులో ఉన్నదీ ఏదో ఉందని అలా బయటపడింది. ఆ పదార్థాన్ని, అంటే విటమిన్ బి1ను, 1926లో అదే జావాలో తవుడు నుంచే స్ఫటికాలుగా వేరుచేశారు. ఐక్మన్‌కు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ వంటవాడి పేరు ఎక్కడా కనబడదు.

ఇంత గుణమున్న తవుడుకు రెండు లోపాలున్నాయి. మొదటిది, దానిలోని నూనె. మర నుంచి బయటపడ్డ గంటల్లోనే తవుడులోని లైపేజ్ అనే ఎంజైము ఆ నూనెను విడగొట్టడం మొదలుపెడుతుంది. నాలుగు రోజులు నిలవుంచిన తవుడు చేదుగా, ముక్కుకు ఘాటుగా ఉండేది అందుకే. నూనె తీసేస్తే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. మనకు వంటనూనె, కోడికి నూనె తీసిన తవుడు.

రెండో లోపం కంటికి, ముక్కుకు తెలియదు. మొక్కలు గింజలో భాస్వరాన్ని ఫైటిక్ ఆమ్లం రూపంలో దాచుకుంటాయి. ఇనోసిటాల్ అనే వలయానికి ఆరు ఫాస్ఫేటు ముక్కలు తగిలించిన నిర్మాణం అది. గింజలోని భాస్వరంలో మూడింట రెండు వంతులు ఇలా తాళం వేసి ఉంటుంది. తవుడులో ఇది మరీ ఎక్కువ. తాళం తీసే ఎంజైము పేరు ఫైటేజ్. ఆవు పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని తయారుచేస్తాయి. కోడి పేగులో అది అవసరమైనంత లేదు. కాబట్టి కోడి ఎదుట భాస్వరం కుప్పగా ఉన్నా తినలేదు. పైగా ఫైటిక్ ఆమ్లం కాల్షియాన్ని, జింకును కూడా పట్టుకుని రెట్టలోకి లాక్కుపోతుంది.

పాతకాలపు పరిష్కారం సులువైనది, ఖరీదైనది: గనుల్లోంచి తవ్విన ఫాస్ఫేటు రాతి నుంచి తయారైన డైకాల్షియం ఫాస్ఫేటును దాణాలో కలపడం. దిగుమతి రాయి కొని కలుపుతాం, లోపలున్న భాస్వరం మాత్రం రెట్టలో పోతుంది. ఆ రెట్ట చెరువుల్లో చేరితే నాచు పెరుగుతుంది. నెదర్లాండ్స్‌లో ఈ కాలుష్యం తట్టుకోలేని స్థితి వచ్చాక, ఆస్పర్జిల్లస్ అనే బూజు నుంచి ఫైటేజ్ తయారుచేసి 1991లో మేత కోసం అమ్మకానికి తెచ్చారు. కిలో దాణాకు 500 యూనిట్లు వేయడం మామూలు మోతాదు. ఇప్పుడది ప్రపంచమంతటా వాడుకలో ఉంది. దాణాను వేడి ఆవిరితో గుళికలుగా నొక్కే మిల్లులు మాత్రం జాగ్రత్త పడాలి. ఎంజైము కూడా మాంసకృత్తే కాబట్టి ఎక్కువ వేడికి చెడిపోతుంది. నా అభిప్రాయంలో మంచి కొసరుకు ఫైటేజ్‌ను మించిన ఉదాహరణ లేదు. లోపం ఏమిటో తెలుసు, పని ఏమిటో తెలుసు, పని అయ్యాక అది మామూలు మాంసకృత్తులాగే జీర్ణమైపోతుంది.

ఒక్క అక్షరం తక్కువైతే

ఇక చెక్కల సంగతి. నూనె గింజల చెక్కల్లో మాంసకృత్తులు పుష్కలం. అయినా 'ఎంత' అన్న ప్రశ్న ఒక్కటే చాలదు.

చేతితో సీసపు అక్షరాలు పేర్చే పాత అచ్చాఫీసును ఊహించుకోండి. అరల నిండా అక్షరాలున్నాయి, కానీ 'క' అయిపోయింది. మిగతా అచ్చులు, హల్లులు కుప్పలుగా ఉన్నా పేజీ ఆగిపోతుంది. మాంసకృత్తు కూడా ఇరవై అమైనో ఆమ్లాలతో పేర్చిన వాక్యమే. ఒకటి తక్కువైతే శరీరం ఆ వాక్యం పూర్తి చేయలేదు. మిగిలిపోయిన అమైనో ఆమ్లాలను కాల్చి శక్తిగా వాడుకుంటుంది, వాటి నత్రజనిని యూరిక్ ఆమ్లంగా మార్చి బయటికి పంపుతుంది. షెడ్డులో ముక్కుపుటాలదిరే అమోనియా వాసన కొంతవరకు ఇలా వృథా అయిన మాంసకృత్తుల వాసనే.

మొక్కజొన్న, సోయా కలిసిన మేతలో ముందుగా తరిగిపోయే అక్షరం మిథియోనిన్. వేరుశనగ చెక్కలో మిథియోనిన్, లైసిన్ రెండూ తక్కువ. నువ్వుల చెక్కలో మిథియోనిన్ ఎక్కువ, లైసిన్ తక్కువ. సోయాలో లైసిన్ బాగా ఉంటుంది. రెండు మూడు చెక్కలు కలపడంలోని మర్మం ఇదే; అన్నంలో పప్పు కలుపుకోవడం లాంటిది. అప్పటికీ పూడని వెలితికి కొసరు ఉంది. మిథియోనిన్‌ను పెట్రోలియం నుంచి వచ్చే ప్రొపిలీను, గంధకం గల రసాయనాలతో తయారుచేస్తారు. వాటిలో ఒకటైన మిథైల్ మెర్కాప్టాన్, వంటగ్యాసుకు వాసన కోసం కలిపే పదార్థానికి దగ్గరి చుట్టం. లైసిన్ దారి వేరు. 1950లలో జపానులో కనుగొన్న కోరినిబాక్టీరియం అనే సూక్ష్మజీవికి చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వంటివి మేపితే అది లైసిన్‌ను తయారుచేసి బయటికి వదులుతుంది. చెరకు మిగులు సూక్ష్మజీవికి, సూక్ష్మజీవి మిగులు కోడికి!

చెక్కల్లో విషాలు కూడా ఉంటాయి. పచ్చి సోయాలో మాంసకృత్తుల జీర్ణాన్ని అడ్డుకునే పదార్థం ఉంది. సరిగ్గా వేడి చేస్తే పోతుంది. పత్తిగింజల చెక్కలో గాసిపాల్ అనే పసుపు వర్ణకం ఉంది. అది లైసిన్‌ను పట్టుకుని కోడికి అందకుండా చేస్తుంది. ఇంకో చిత్రం కూడా చేస్తుంది: పచ్చసొనలోని ఇనుముతో కలిసి, నిలవున్న గుడ్డులో సొనను ఆకుపచ్చగా మార్చేస్తుంది. గుడ్డు పగలగొట్టి పచ్చటి సొన చూసిన గృహిణి మళ్ళీ ఆ దుకాణానికి వెళ్తుందా? గాసిపాల్‌కు ఇనుమంటే ప్రీతి కాబట్టి అదే దానికి మందు. దాణాలోనే కాస్త అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేటు కలిపితే గాసిపాల్ పేగులోనే దానితో కట్టుబడి బయటికి పోతుంది. అయినా లేయర్ మేతలో పత్తిచెక్కను మితంగానే వాడతారు.

అన్నింటికన్నా ప్రమాదకరమైనది వేరుశనగ చెక్కలోని బూజు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు అంతుబట్టని జబ్బుతో చనిపోయాయి. కారణం తెలియక దానికి 'టర్కీ ఎక్స్ వ్యాధి' అని పేరు పెట్టారు. చివరికి బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్క దగ్గర దొంగ దొరికాడు. ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు, అది తయారుచేసే అఫ్లటాక్సిన్. (తాళం తీసే ఫైటేజ్‌ను ఇచ్చినదీ ఆస్పర్జిల్లసే, ఈ విషాన్ని ఇచ్చినదీ దాని దాయాదే.) మనకూ ఈ అనుభవం ఉంది, 1982లో చిత్తూరు జిల్లాలో ఈ విషం వల్ల కోడిపిల్లలు పెద్ద ఎత్తున చనిపోయాయి. వేడి చేసినా ఈ విషం తేలిగ్గా పోదు. కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వ్యాధినిరోధక శక్తిని తగ్గిస్తుంది. కోడికి టీకా వేసినా పట్టదు. దీనికి వాడే కొసరు టాక్సిన్ బైండర్లు. వీటిలో చాలా రకాలు బెంటొనైట్ వంటి బంకమట్టులే. మట్టి పొరల మధ్య విషపు అణువులు ఇరుక్కుని రెట్టతో పోతాయి. అయితే బైండర్ ఉంది కదా అని తడిసిన చెక్క కొనే రైతు, గొడుగు ఉంది కదా అని కప్పు లేని ఇంట్లో కాపురం పెట్టినట్టే. గింజను, చెక్కను బాగా ఎండబెట్టి, తడి తగలకుండా నిలవ చేయడమే అసలు మందు.

పచ్చసొన రంగు గురించి ఒక్క మాట. పసుపు మొక్కజొన్నలోని జాంతోఫిల్ వర్ణకాల వల్ల సొనకు రంగు వస్తుంది. మొక్కజొన్న ధర పెరిగి నూకలు, జొన్నలు ఎక్కువ వేస్తే సొన పాలిపోతుంది. అప్పుడు బంతిపూల రేకుల నుంచి తీసిన పొడి కొద్దిగా కలుపుతారు. ముదురు రంగు సొనలో బలం ఎక్కువని చాలామంది నమ్ముతారు గాని, సొన రంగును చూసి గుడ్డులోని మాంసకృత్తుల లెక్క కట్టలేం.

లెక్కలో రాయని నియమం

ఇన్ని దినుసులు, ఇన్ని లోపాలు, రోజుకో ధర. దేన్ని ఎంత కలపాలి? ఇంటర్మీడియట్, డిగ్రీ విద్యార్థులకు లీనియర్ ప్రోగ్రామింగ్ పాఠం గుర్తు రావాలి. 1945లో జార్జి స్టిగ్లర్ అనే ఆర్థికవేత్త 77 ఆహార పదార్థాలతో, మనిషికి కావలసిన తొమ్మిది పోషకాలు సమకూరేలా అతి చవక భోజనం ఏదని ప్రశ్న వేశాడు. 1947లో డాంట్‌జిగ్ సింప్లెక్స్ పద్ధతిని కనిపెట్టాక, దాన్ని పరీక్షించడానికి ఈ లెక్కనే తీసుకున్నారు. తొమ్మిదిమంది గుమాస్తాలు బల్లమీది యంత్రాలతో మొత్తం 120 పనిదినాలు శ్రమించి చేశారు. అదే లెక్కను ఇప్పుడు దాణా మిల్లులోని కంప్యూటరు రెప్పపాటులో చేస్తుంది.

ఈ పద్ధతి గుణమూ, దోషమూ ఒకటే. అది మనం రాసిన నియమాలన్నీ పాటిస్తుంది. రాయని నియమాన్ని పట్టించుకోదు. గాసిపాల్ పరిమితి రాయడం మరిచిపోతే, చవకగా ఉంది కదా అని నిస్సంకోచంగా పత్తిచెక్కను కుమ్మరిస్తుంది. ఆ నష్టం మర్నాడో, పై వారమో రైతుకు తెలుస్తుంది, దిద్దుకుంటాడు. కానీ రైతు జేబులోంచి కాక, ఎక్కడో ఉన్న మరొకరి ప్రాణంలోంచి పోయే నష్టం ఉంటే? ఆ నియమాన్ని లెక్కలో ఎవరు రాస్తారు? ఆ ప్రశ్న వేసింది, మొదట్లో చెప్పిన ఆ ఒక్క పొడి.

పిప్పిలో దాగిన మందు

ఈ కథకు తెలుగువారితో సంబంధం ఉంది. భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధన విభాగానికి అధిపతిగా ఉన్న రోజుల్లో, బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి బంగారు రంగు మందును వెలికితీశాడు. అదే ఆరియోమైసిన్, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది. 1948లో అది లోకానికి వెల్లడైంది. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు.

అదే సంస్థలో థామస్ జూక్స్, రాబర్ట్ స్టోక్‌స్టాడ్ అనే శాస్త్రజ్ఞులు కోళ్ళ మేత మీద పనిచేస్తున్నారు. కేవలం మొక్కల నుంచి వచ్చిన మేత తింటే కోడిపిల్లలు సరిగ్గా ఎదగవు. చేపల పొడి, కాలేయం వంటివి కొద్దిగా వేస్తే ఎదుగుతాయి. ఆ లోటు 1948లోనే వేరుచేసిన విటమిన్ బి12ది. దాన్ని తయారుచేసేవి సూక్ష్మజీవులే. అలాంటప్పుడు మందు తీయగా తొట్టెల్లో మిగిలిన పిప్పిలో కూడా బి12 ఉండాలి కదా? పారేసే పిప్పి చవకైన మేతగా పనికొస్తే అంతకన్నా కావలసిందేముంది? ఆలోచన చక్కనిది. వేసి చూశారు. పిల్లలు ఎదిగాయి, కానీ బి12 లెక్క చెప్పిన దానికన్నా ఎక్కువగా ఎదిగాయి! కారణం, పిప్పిలో పూర్తిగా తీయకుండా మిగిలిపోయిన ఆరియోమైసిన్. ఈ సంగతిని 1950లో ప్రకటించారు. ఉప ఉత్పత్తిగా వచ్చినది చూస్తుండగానే సంకలితమైంది. టన్నుకు కొన్ని గ్రాముల యాంటీబయాటిక్ వేస్తే కోళ్ళు, పందులు తక్కువ మేతతో ఎక్కువ ఎదుగుతాయన్న వార్త కొద్ది ఏళ్ళలో ప్రపంచమంతా పాకింది.

అది ఎలా పనిచేస్తుందో అప్పుడు తెలియదు. ఇప్పటికీ శాస్త్రజ్ఞులందరూ ఒక్క మాట మీద లేరు. పేగులో మేతను పంచుకునే సూక్ష్మజీవులను తగ్గిస్తుందని, పేగు గోడ వాపును తగ్గిస్తుందని చెబుతారు. ఒక్క విషయం మాత్రం తరువాతి ప్రయోగాల్లో స్పష్టపడింది. శుభ్రమైన కొత్త షెడ్డుల్లో, సూక్ష్మజీవులు లేకుండా పెంచిన పిల్లల్లో ఈ మందు ప్రభావం దాదాపు కనబడలేదు. మురికి ఎక్కువున్న చోటే లాభం ఎక్కువ కనిపించింది. అంటే ఫైటేజ్ లాగా ఇది మేతలోని లోపాన్ని పూడ్చలేదు. షెడ్డులోని లోపాన్ని కప్పిపెట్టింది.

ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. బ్రాయిలర్ కోళ్ళు ఆరు వారాల్లోపే రెండు కిలోలు తూగడానికి హార్మోను సూదులే కారణమని మీ ఇంట్లోనూ అనుకుని ఉంటారు. వేలకొద్దీ పిల్లలను ఒక్కొక్కటిగా పట్టుకుని పదే పదే సూదులు పొడవడం ఏ రైతుకూ గిట్టుబాటు కాదు. ఆ ఎదుగుదల తరతరాలుగా చేసిన జాతి ఎంపికది, సమతుల మేతది. భయపడవలసిన దాని పేరు వేరు.

చిన్న మోతాదు, పెద్ద మూల్యం

డాక్టరు మీకు యాంటీబయాటిక్ రాసి, మధ్యలో మానవద్దు, చెప్పిన మోతాదు తగ్గించవద్దు అని ఎందుకంటాడు? చాలీచాలని మందు బలహీనమైన బాక్టీరియాను మాత్రమే చంపి, తట్టుకోగలిగిన వాటికి చోటు ఖాళీ చేస్తుంది. మేతలో వేసే మోతాదు సరిగ్గా అలాంటిదే: చంపడానికి తక్కువ, ఎంపిక చేయడానికి ఎక్కువ. అదీ పదివేల కోళ్ళకు, ప్రతి పూటా. తట్టుకునే గుణం గల జన్యువులు చాలాసార్లు ప్లాస్మిడ్ అనే చిన్న డి.ఎన్.ఎ. వలయాల మీద ఉంటాయి. పరీక్ష హాల్లో చిట్టీలు చేతులు మారినట్టు అవి ఒక బాక్టీరియా నుంచి మరో జాతి బాక్టీరియాకు కూడా చేరతాయి. రెట్ట ఎరువుగా పొలానికి పోతుంది. కొల్లేరు పరిసరాల్లో చేపల చెరువుల్లోనూ కోళ్ళ ఎరువు వేస్తారు. దారులు చాలానే ఉన్నాయి.

1969లో బ్రిటన్‌లో స్వాన్ సంఘం దీని మీద హెచ్చరించింది. స్వీడన్ 1986లో పెరుగుదల కోసం వేసే యాంటీబయాటిక్కులను నిషేధించింది. ఐరోపా సమాజమంతటా 2006 జనవరి 1 నుంచి అవి మేతలోంచి తొలగాయి. అమెరికాలో మనుషులకు ముఖ్యమైన మందులను ఎదుగుదల కోసం వాడడం 2017లో ఆగింది. ఆవిష్కరణ జరిగిన దేశానికి ఆ నిర్ణయం తీసుకోవడానికి అరవై ఏడేళ్ళు పట్టింది.

మన సంగతికి వస్తే కోలిస్టిన్ పేరు గుర్తుంచుకోవాలి. మూత్రపిండాలకు హాని చేస్తుందని వైద్యులు ఒకప్పుడు పక్కన పెట్టిన పాత మందు ఇది. మిగతా మందులేవీ పనిచేయని రోగులు ఆసుపత్రుల్లో పెరిగాక, గత్యంతరం లేక మళ్ళీ బయటికి తీశారు. చివరి అస్త్రమన్నమాట. అదే మందు మరోపక్క కోళ్ళ మేతలో వాడుకలో ఉండేది. 2015 నవంబరులో చైనా శాస్త్రజ్ఞులు ఒక వార్త ప్రకటించారు: కోలిస్టిన్‌ను తట్టుకునే ఎం.సి.ఆర్-1 అనే జన్యువు ప్లాస్మిడ్ మీద దొరికింది. పందుల్లో, దుకాణాల్లోని మాంసంలో, రోగుల్లో కూడా. అంతకుముందు ఈ నిరోధం ఒక బాక్టీరియా నుంచి దాని సంతానానికే పోతుందనుకునేవారు. ఇప్పుడు చిట్టీలాగా చేతులు మారుతోంది. 2019 జులైలో భారత ప్రభుత్వం ఆహారం కోసం పెంచే జంతువుల్లో, కోళ్ళలో, చేపల పెంపకంలో, మేతల్లో కోలిస్టిన్ తయారీని, అమ్మకాన్ని నిషేధించింది. లెక్కలో రాయని నియమం ఇలా ఒకటి రాయబడింది.

జబ్బు చేసిన కోళ్ళకు పశువైద్యుడు మందు ఇవ్వడం వేరు సంగతి. అది వైద్యం. దానికి మోతాదు ఉంది, గడువు ఉంది. మందు ఆపాక ఇన్ని రోజుల దాకా గుడ్లు, మాంసం అమ్మరాదన్న నియమమూ ఉంది.

పెట్ట నేర్పిన విద్య

మరి పేగును కాపాడేదేమిటి? ఈ ప్రశ్నకు మంచి జవాబుల్లో ఒకటి ఫిన్లాండు నుంచి వచ్చింది. అక్కడ 1971లో మేత ద్వారా సాల్మొనెల్లా బ్రాయిలర్ కోళ్ళలో వ్యాపించింది. ఎస్కో నుర్మి అనే శాస్త్రజ్ఞుడు ఒక మామూలు విషయాన్ని గమనించాడు. పెరిగిన కోళ్ళకన్నా అప్పుడే పుట్టిన పిల్లలకే ఇది తేలిగ్గా సోకుతుంది. ఎందుకు? పెట్ట కింద పొదిగిన పిల్ల, తల్లి రెట్ట పడిన నేలమీదే తొలిరోజు ముక్కు పొడిచి తల్లి పేగులోని సూక్ష్మజీవులను పొందుతుంది. ఇంక్యుబేటరులో పుట్టిన పిల్లకు తల్లి లేదు, ఖాళీ పేగుతో షెడ్డులోకి వస్తుంది. ఖాళీ ఇంట్లో ఎవరు ముందు దిగితే వారిదే ఇల్లు. ఆరోగ్యవంతమైన పెద్ద కోడి పేగులోని పదార్థాన్ని పిల్లలకు ఇచ్చి చూస్తే సాల్మొనెల్లా నిలదొక్కుకోలేకపోయింది. 1973లో నుర్మి, రంటాలా ఈ ఫలితాన్ని ప్రకటించారు. మన పల్లెల్లో పెట్ట వెంట తిరిగే పిల్లలు అంతకుముందు వేల ఏళ్ళుగా చేస్తున్నదీ ఇదే!

నేడు సంచుల్లో వచ్చే ప్రోబయోటిక్స్, అంటే లాక్టోబాసిల్లస్, బాసిల్లస్ జాతుల మేలు సూక్ష్మజీవులు, ఆ ఆలోచనకు వారసులే. వీటితోపాటు ఫార్మిక్, బ్యూటిరిక్ వంటి సేంద్రియ ఆమ్లాలు, ఈస్టు కణాల గోడల నుంచి తీసిన చక్కెరలు వాడుకలోకి వచ్చాయి. పసుపు, వెల్లుల్లి మీద కూడా ప్రయోగాలు చాలా జరిగాయి; కొన్నిటిలో మేలు కనబడింది, కొన్నిటిలో లేదు. ఉన్నమాట చెప్పాలంటే, ఈ సంచుల మీద రాసినవన్నీ నమ్మదగినవి కావు. యాంటీబయాటిక్‌కు బదులుగా ఫలానా పొడి ఒక్కటి చాలు అని ఎవరైనా అమ్మజూపితే అనుమానించండి. డెన్మార్కులో నిషేధం తరువాత బ్రాయిలర్ ఫారాలు దెబ్బతినలేదంటే కారణం ఒక పొడి కాదు. శుభ్రమైన నీరు, పొడిగా ఉన్న పరుపు, ఒక బాచీ వెళ్ళాక మరొకటి వచ్చేలోగా షెడ్డు కడిగి ఖాళీగా ఉంచడం, టీకాలు, పక్షికి తగినంత చోటు. ఇవన్నీ ఖర్చుతో కూడినవే. పదివేల కోళ్ళ రైతుకు ఆ ఖర్చు, కిలోకు కొన్ని పైసల పొడికన్నా బరువుగా తోస్తుంది. గుడ్డు ధర పడిపోయిన నెలలో మరీను. ఆయన్ను తప్పుపట్టడం తేలిక. ఆ ఖర్చులో గుడ్డు తినే మన వాటా ఎంత అన్నది ఎవరూ అడగరు.

మళ్ళీ తొట్టెలోకి

కథ ఇంకా నడుస్తూనే ఉంది. పెట్రోలులో కలిపే ఇథనాల్ కోసం మన దేశంలో 2023 తరువాత మొక్కజొన్న వాడకం బాగా పెరిగింది. కోడి పళ్ళెంలోని గింజ మోటారు బండి ట్యాంకులోకి పోతోందని కోళ్ళ రైతులు వాపోతున్నారు. గింజలోని పిండిపదార్థాన్ని ఈస్టు పులియబెట్టి సారాయిగా మార్చాక తొట్టెలో ఒక పిప్పి మిగులుతుంది. దాన్ని ఎండబెడితే మాంసకృత్తులు దండిగా ఉన్న మేత అవుతుంది. వ్యాపారంలో డి.డి.జి.ఎస్. అంటారు. సోయా చెక్కకన్నా చవక కాబట్టి దాణా మిల్లుల్లోకి వస్తోంది.

దీని లోపం లెక్కలోనే ఉంది. మొక్కజొన్నలో మూడింట రెండు వంతులు పిండిపదార్థం. అది పోతే మిగిలినదంతా మూడింతలు చిక్కనవుతుంది. మాంసకృత్తులతోపాటు, గింజలో బూజు విషం ఉంటే అది కూడా. పులియబెట్టడం అఫ్లటాక్సిన్‌ను పోగొట్టదు. కాబట్టి ఈ పిప్పి ప్రతి లారీనీ పరీక్షించాకే గోదాములో దించుకోవాలి.

ఇంకొకటి. తొట్టెలో ఈస్టుతో పోటీపడి సారాయిని తగ్గించే లాక్టిక్ బాక్టీరియాను అణచడానికి, అమెరికా వంటి చోట్ల కొన్ని ఇథనాల్ కర్మాగారాలు యాంటీబయాటిక్కులు వాడాయి. వాటి జాడలు పిప్పిలో మిగలడం పరీక్షల్లో కనబడింది. జూక్స్, స్టోక్‌స్టాడ్‌లు చూసిన పిప్పికీ, దీనికీ మధ్య ఏడు దశాబ్దాల దూరం ఉంది. ఈసారి పిప్పిలో ఏముందో వెతకడానికి ముందే పరికరాలున్నాయి. బాక్టీరియాను అణచడానికి బీరులో చేదు కోసం వేసే హాప్స్ మొక్క నుంచి తీసిన ఆమ్లాలను వాడే కర్మాగారాలు కూడా ఇప్పుడున్నాయి.